నూరువరహాల వరస ఎండిపోతుంటే నేను పిలిచిన ఇద్దరు

ముందు మార్కులు చెప్పేస్తాను, తర్వాత సంగతంతా చెబుతాను. ఫోన్లో బుక్ చేసుకున్న గార్డెన్ సర్వీసుకి నేనిచ్చేది ఐదుకి ఒకటి. కడియపులంక నుంచి మోపెడ్ వెనకాల గునపం కట్టుకుని వచ్చిన నర్సరీ బాబాయిగారికి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానో కూడా రాస్తాను. ఇద్దరికీ చూపించింది ఒకే వరస మొక్కల్ని. కానీ ఆ వరసలో ఉన్నది ఒకే జబ్బు కాదు. ఆ ఒక్క ముక్క తెలియడానికి నాకు మూడు నెలలు, ఐదువేల నూట యాభై రూపాయలు, తొమ్మిది మొక్కలు పట్టాయి. మీ ఇంటి ముందు కంచె మొక్కలు గోధుమరంగుకి తిరిగి ఎండుతుంటే, మందు కొనే ముందు ఇది చదవండి.

మాది రాజమహేంద్రవరం దాటి ధవళేశ్వరం వైపు వెళ్లే దారిలో ఒక లేఅవుట్. ఒకప్పుడు అదంతా వరిపొలం. మెరక తోలి ప్లాట్లు వేశారు. 2019లో ఇల్లు కట్టుకున్నాం. గేటు దగ్గర మొదలై పెరటి వైపు మురుగు కాలువ దాకా 46 అడుగుల ప్రహరీ. దాని పక్కనే 34 నూరువరహాల మొక్కలు వేశాం, ఎర్రపూల రకం. డ్యూరాంటా వేసుకోండి, తొందరగా కమ్ముతుంది, మొక్క చవక అని నర్సరీలో చెప్పారు. మా అత్తగారు ఒప్పుకోలేదు. పొద్దున్నే పూజకి రెండు గుత్తులు కోసుకునే మొక్క కావాలన్నారు. మొదటి మొక్క ఆవిడ చేతే నాటించాం. 2022లో ఆవిడ వెళ్లిపోయారు. ఆ వరస ఎండిపోతుంటే "పీకేసి వేరేవి వేసుకోండి, మూడువేలకి అయిపోతుంది" అని చెప్పినవాళ్ల మాట తప్పని కాదు, నాకది మింగుడుపడలేదు.

2024లో జులైలోనూ, మళ్లీ సెప్టెంబరులోనూ వానలు గట్టిగా పడ్డాయి. అక్టోబరు మొదటివారంలో పెరటి చివర రెండు మొక్కల ఆకులు వాలిపోయాయి. నీళ్లు చాలలేదేమో అనుకున్నాను. పైపు పెట్టి రోజూ తడిపాను. ఆకులు వాలినా రాలలేదు, ఉన్నచోటే గోధుమరంగుకి తిరిగి కాగితంలా గలగలలాడాయి. పది రోజుల్లో ఆ చివర పదకొండు మొక్కలకి పాకింది. అదే సమయంలో గేటు వైపు కూడా మొక్కలు బాగాలేవని గమనించాను. అక్కడ రంగు వేరు. కొత్త చిగుళ్లు పసుపు కలిసిన తెలుపుగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా గీతలు గీసినట్టు కనిపిస్తున్నాయి. కొన్ని ఆకుల కొనలు మాడిపోయాయి. మధ్యలో పన్నెండు మొక్కలు ఏమీ ఎరగనట్టు నిండా పూసి ఉన్నాయి.

ఈ మూడు ముక్కలూ విడివిడిగా చూడాలన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు. కంచె మొత్తానికి ఏదో పట్టుకుంది అనుకున్నాను.

ఇక సర్వీసు గురించి. పేరు రాయడం లేదు, నా అనుభవం ఒక్కటే రాస్తున్నాను. ఫోటోలు నాలుగు పంపమన్నారు. పంపిన అరగంటలో "ఫంగస్ ప్లస్ పెస్ట్, మూడు విజిట్ల ప్యాకేజీ 4,500" అని సమాధానం వచ్చింది. ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. మర్యాదగా ఉన్నారు, చెప్పిన టైముకి వచ్చారు, పని అయ్యాక గచ్చు కడిగి వెళ్లారు. ఆ ఒక్క మార్కు దానికే. మొదటిసారి పురుగుమందు, తెగులుమందు ఒకే డబ్బాలో కలిపి 46 అడుగులూ ఒకేలా కొట్టారు. మందు పేరు అడిగితే "కాంబో అండి" అన్నారు. డబ్బా చూపించమని రెండుసార్లు అడిగాక చూపించారు. అందులో ఒకటి ఇమిడాక్లోప్రిడ్. రసం పీల్చే పురుగుల మీద బాగా పనిచేసేదే, కానీ మా మొక్కల మీద పిండినల్లి లేదు, పేనుబంక లేదు, చీమలు కూడా ఎక్కడం లేదు. పైగా మధ్యలో ఉన్న పన్నెండు మొక్కలూ పూత మీద ఉన్నాయి, వాటి చుట్టూ సీతాకోకచిలుకలు, తేనెటీగలు తిరుగుతున్నాయి. పూల మీద ఆ మందు కొట్టడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఆపమని అనలేకపోయాను.

రెండో విజిట్లో ఆకులు పచ్చబడడానికని 19:19:19 ఎరువు, అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ సమానంగా ఉండేది, నీళ్లలో కలిపి మొదళ్లలో పోశారు. మూడోసారి వచ్చి ఎండిన కొమ్మలు కత్తిరించి, వరస పైభాగమంతా సమంగా కోసి వెళ్లారు. చూడడానికి నాలుగు రోజులు శుభ్రంగా కనిపించింది. డిసెంబరు ఆఖరుకి పెరటి చివర ఏడు మొక్కలు పూర్తిగా చచ్చిపోయాయి. గేటు వైపు చిగుళ్లు ఇంకా తెల్లబడ్డాయి. ఫోన్ చేస్తే మరో ప్యాకేజీ చెప్పారు.

ఈ మధ్యలో నేను ఆన్‌లైన్లో ఒక మీటరు కూడా కొన్నాను, 650 రూపాయలు. మట్టిలో గుచ్చితే తడి, పీహెచ్, వెలుతురు మూడూ చెబుతుందని రాసి ఉంది. పీహెచ్ అంటే నేల పుల్లటిదా క్షారమా చెప్పే అంకె, ఏడు కన్నా తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం. బ్యాటరీ కూడా అక్కర్లేదు. గేటు దగ్గర గుచ్చితే పీహెచ్ ఏడు చూపించింది. కాలువ దగ్గర ఏడు. వంటింట్లో గ్లాసుడు నిమ్మకాయ నీళ్లలో ముంచినా దాదాపు ఏడే. కొనకండి.

జనవరిలో మా పనమ్మాయి చెప్పింది బాబాయిగారి సంగతి. ఆవిడ అన్నయ్య కడియంలో నర్సరీ పనికి వెళతాడు. నలభై ఏళ్లుగా అంట్లు కడుతున్న పెద్దాయన ఉన్నారు, ఇప్పుడు బరువు పని మానేసి ఎవరైనా పిలిస్తే ఇళ్లకి వెళ్లి చూసి చెబుతున్నారు అంది. మనిషికి 500, పెట్రోలుకి 200. తన నంబరు ఎక్కడా పెట్టొద్దని నన్ను గట్టిగా కోరారు. వారానికి మూడు ఇళ్లకి మించి తిరగలేరట. అందుకే ఇందులో ఆయన పేరు లేదు. మీకు పనికొచ్చేది ఆయన పేరు కాదు, ఆయన చూసిన పద్ధతి. అది మీ ఊళ్లో ఏ మంచి తోటమాలి అయినా చేయగలడు, మీరూ చేయగలరు.

చెప్పిన రోజుకి రాలేదు. రెండు రోజులు ఆలస్యంగా, పొద్దు వాలే వేళకి వచ్చారు. వచ్చీ రాగానే మొక్కల వైపు చూడలేదు. గేటు దగ్గర నిలబడి ప్రహరీ చివరదాకా చూశారు, తర్వాత కాలువ దగ్గరికి నడిచి అక్కణ్ణుంచి గేటు వైపు చూశారు.

"అమ్మగారూ, వానొత్తే నీళ్లు ఎటెల్తాయండీ?"

"కాలువలోకే బాబాయిగారూ. అందుకే వాలు అటు పెట్టించాం."

"కాలువలోకి ఎల్తన్నాయా, కాలువ గట్టు దాకా ఎల్లి ఆగుతన్నాయా?"

నా దగ్గర జవాబు లేదు. కాలువకి సిమెంటు గట్టు కట్టారు కదా, అది నేల కన్నా నాలుగు అంగుళాలు ఎత్తుంది. పైన నీళ్లు పోవడానికి ఒక తూము ఉంది, అది ఎప్పుడో మట్టితో పూడుకుపోయింది.

తర్వాత ఫోన్లో నా దగ్గరున్న ఫోటోలు చూపించబోయాను. వద్దన్నారు. "ఆకుని అడిగితే అది ఏం చెబుద్దండీ, దానికేం తెల్సు. ఏరు చూడాలండి." చచ్చిపోయిన మొక్క ఒకటి రెండు చేతులతో పట్టుకుని లాగారు. ఐదేళ్ల మొక్క, ముల్లంగి వచ్చినట్టు వచ్చేసింది. వేళ్లు నల్లగా ఉన్నాయి. ఒక వేరు రెండు వేళ్ల మధ్య పెట్టి లాగితే పైతొక్క జారిపోయి, లోపల దారంలాంటి పోగు మిగిలింది. మురుగు వాసన. ఇంకా బతికున్న మొక్క పక్కన జాగ్రత్తగా తవ్వి దాని వేరు చూపించారు. అది సగం నలుపు, సగం మీగడ రంగు. గోటితో కాండం మీద బెరడు గీకితే లోపల ఆకుపచ్చ కనిపించింది. అలా ఒక్కో మొక్కా గీకుతూ వెళ్లి, పెరటి చివర పదకొండింటిలో ఏడు పోయాయి, నాలుగు బతికించొచ్చు అన్నారు.

ఆ తర్వాత గునపం తీశారు. చచ్చిన మొక్క గుంతలోనే గుచ్చుకుంటూ పోతే అడుగు లోపే ఠంగుమంది. రాయేమో అనుకున్నాను. కాదు, మట్టే. మూడు వేళ్ల మందం నీలి నలుపు పొర, ఇటుకలా ఉంది. అది చూశాక ఆయన చెప్పిన మాట నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. వరిపొలానికి ఏటా దమ్ము చేస్తారు. నీళ్లు పెట్టి దున్ని దున్ని బురద చేస్తే, నాగలి, తర్వాత ట్రాక్టరు చక్రం తొక్కిన లోతున కింద మట్టి గట్టిపడి చాపలా అయిపోతుంది. వరికి అది మంచిదే, నీళ్లు కిందకి ఇంకిపోకుండా నిలబెడుతుంది. మనం ఆ చాపని పగలగొట్టకుండా పైన ఎర్రకంకర మెరక తోలి ఇల్లు కట్టుకున్నాం. గేటు వైపు మెరక రెండడుగులు పడింది. పెరటి చివరకి వచ్చేసరికి జానెడు. అంటే అక్కడ మొక్క వేళ్లు ఐదేళ్లకి చాప మీదకి దిగాయి, వాన పడ్డప్పుడల్లా నీళ్లు ఆ చాప మీద నిలిచాయి, తూము పూడిపోయింది. నీళ్లు నిండిన మట్టిలో గాలి ఉండదు. గాలి లేని వేరు కుళ్లుతుంది, అప్పుడు వేరుకుళ్లు తెగులు పట్టుకుంటుంది. వేరు పోయిన మొక్క చుట్టూ నీళ్లున్నా తాగలేదు, అందుకే ఆకు వాలింది. నేను దాహమనుకుని ఇంకా నీళ్లు పోశాను. ఆ నీళ్లలోనే సర్వీసు వాళ్లు ఎరువు కలిపి పోశారు. కుళ్లుతున్న వేరు మీద ఎరువు ఉప్పు పడితే మాడడం తప్ప ఇంకేముంటుంది.

నమ్మకం కుదరకపోతే మర్నాడు పరీక్ష చేసుకోమన్నారు. అడుగు లోతు గుంత తీసి నిండా నీళ్లు పోసి, అవి ఇంకాక మళ్లీ నింపి వదిలేయమన్నారు. సాయంత్రం ఐదింటికి పోశాను. పెరటి చివర గుంతలో మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి కూడా బెత్తెడు నీళ్లున్నాయి. మధ్యలో పూస్తున్న పన్నెండు మొక్కల దగ్గర తీసిన గుంత రాత్రి పడుకునేలోపే ఖాళీ అయిపోయింది. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు. ఇది 4,500 కట్టకముందే నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

గేటు వైపు ఆయన గునపం వాడలేదు. వంటింట్లోంచి నిమ్మకాయ తెమ్మన్నారు. ప్రహరీ మొదట్లో జానెడు లోతు మట్టి తీసి, అరిచేతిలో పెట్టుకుని నిమ్మకాయ పిండారు. చిన్న చిన్న బుడగలు వచ్చి సుయ్యిమంది. మధ్య మొక్కల దగ్గర మట్టి తీసి పిండితే ఏమీ లేదు. "ఇక్కడ మాలు కలిపారాండీ?" అని అడిగారు. అవును. ఇల్లు కట్టినప్పుడు ఇసుక, సిమెంటు అక్కడే కుప్ప పోసి కలిపారు. ప్లాస్టరింగ్ రాల్చిన పెచ్చులు అక్కడే పూడ్చి పైన మట్టి కప్పారు. మాకు తెలుసు, దాని వల్ల మొక్కకి ఏమవుతుందో తెలియదు. సిమెంటు పెచ్చుల్లో సున్నం ఉంటుంది. సున్నం ఉన్న మట్టిలో ఇనుము ఉన్నా మొక్కకి అందే రూపంలో ఉండదు. నూరువరహాలు పుల్లటి నేల కోరుకునే మొక్క, ఈ విషయంలో మిగతా కంచె మొక్కల కన్నా సున్నితం. మా బోరు నీళ్లు కూడా కఠినం, బకెట్టు అంచున తెల్ల చారలు కట్టేంత. ఐదేళ్లు అదే నీళ్లు పోశాం.

ఇక్కడ ఒక గుర్తు రాసిపెట్టుకోండి. ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్యలో పసుపు రావడం కొత్త చిగుళ్లలో మొదలైతే చాలావరకు ఇనుము లోపం. అదే ముదురాకుల్లో మొదలైతే మెగ్నీషియం లోపం అయ్యే అవకాశం ఎక్కువ. ఇనుము ముదురాకు నుంచి చిగురుకి కదలదు, అందుకే లేత ఆకు ముందు పస్తుంటుంది. మాది చిగుళ్లే. ఆయన మాట మీద నమ్మకం లేక కాదు గానీ, లెక్క కళ్లతో చూడాలనిపించి రెండు చోట్ల మట్టీ విడివిడి సంచుల్లో మట్టి పరీక్షకి ఇచ్చాను. గేటు వైపు పీహెచ్ 8.4. మధ్యలో 7.1. ఆ 650 రూపాయల మీటరుకి రెండూ ఏడే.

ఇక వైద్యం. ఇందులో వాడినవన్నీ ఎరువుల షాపులో దొరికే మామూలు సరుకులే, ఒక్కోదాని గురించి నాకు ఏమనిపించిందో రాస్తాను.

అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్. ఈ పేరు పొలాలున్నవాళ్లందరికీ తెలుసు, ఇనుము లోపానికి వేరుశనగ మీదా నిమ్మతోటల్లోనూ కొట్టేదే. అరకిలో 40 రూపాయలకి ఇచ్చారు. లీటరు నీళ్లకి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). ముందు నిమ్మ ఉప్పు కరిగించాలి, తర్వాత అన్నభేది వేయాలి, కలిపిన వెంటనే కొట్టేయాలి. కాసేపు ఉంచితే నీళ్లు తుప్పు రంగుకి తిరుగుతాయి, ఇక అది పనికిరాదు. కొనేటప్పుడు కూడా చూడండి, పలుకులు లేత ఆకుపచ్చగా ఉండాలి. నాకు మొదటి షాపులో ఇచ్చింది పసుపు గోధుమరంగులో ఉంది, వెనక్కి ఇచ్చేశాను. చల్లపొద్దున గానీ సాయంత్రం గానీ కొట్టాలి. వారానికోసారి చొప్పున మూడుసార్లు కొట్టాను. రెండోసారికే చిగుళ్ల రంగు తేలింది. ఫలితం తొందరగా కనిపిస్తుంది, కానీ కొట్టిన ఆకుకే పనిచేస్తుంది, తర్వాత వచ్చే చిగురు మళ్లీ తెల్లగానే వస్తుంది. ఇంకో సంగతి, గచ్చు మీద పడితే తుప్పు మరక. మా గేటు దగ్గర టైల్స్ మీద రెండు మరకలు ఇంకా ఉన్నాయి. పాత గోనెసంచులు పరిచి కొట్టండి.

అందుకని మొదట్లో పోయడానికి ఇంకొకటి కొన్నాను, చీలేటెడ్ ఐరన్, అంటే నేలలో బిగుసుకోకుండా వేరే పదార్థంతో పట్టి ఉంచిన ఇనుము. ఇందులో రెండు రకాలున్నాయి, ఇది ముఖ్యం. ప్యాకెట్ మీద ఇ.డి.టి.ఎ. అని ఉన్నది చవక, కానీ మాలాంటి సున్నపు నేలలో పోస్తే నిలవదు, ఇనుముని వదిలేస్తుంది. ఇ.డి.డి.హెచ్.ఎ. అని ఉన్నది కావాలి, ముదురు ఎర్రటి పొడి. షాపతను మొదట ఇ.డి.టి.ఎ. ఇచ్చి రెండూ ఒకటే అన్నారు. ఒకటి కాదు. పావుకిలో 260 అయింది, బుధవారం చెప్తే శనివారం తెప్పించారు. నెలన్నర ఎడంతో రెండుసార్లు పోశాను. వేసవి మొత్తం చిగురు ఆకుపచ్చగానే వచ్చింది. ఖరీదైనదే, కానీ పెట్టిన డబ్బుకి పనిచేసింది.

అయితే బాబాయిగారు ఈ రెండూ కూడా పైపైవే అన్నారు. అసలు పని పెచ్చులు తీయడం. ఇద్దరు కూలీల్ని పెట్టి ఒక రోజంతా మొక్కల మొదళ్లు కదలకుండా, గోడ వైపు నుంచి పెచ్చులు ఏరించాం. ఎనిమిది తట్టలు వచ్చాయి. అది చూసి మావారు ఏమీ మాట్లాడకుండా వెళ్లి ఇంకో తట్ట పట్టుకున్నారు. ఆ ఖాళీలో మాగిన పశువుల ఎరువు, ఆకుమట్టి కలిపి నింపాం. మేడ మీద వాననీళ్లు దిగే పైపుకి ఒక డ్రమ్ము పెట్టించి, గేటు వైపు మొక్కలకి వీలైనన్నాళ్లు ఆ నీళ్లే పోస్తున్నాం.

పెరటి చివర పని వేరు. ముందు తూము తీశాం, పావుగంట పని. తర్వాత చచ్చిన ఏడు మొక్కలూ వేళ్లతో సహా తీసి తగలబెట్టాం. కత్తెరని ఒక్కో మొక్కకీ స్పిరిట్‌తో తుడవమన్నారు, తుడిచాం. గోడకి అడుగున్నర ఎడంగా, అడుగు లోతున కాలువ తవ్వించి తూములోకి కలిపాం. గునపంతో రెండడుగులకి ఒకటి చొప్పున ఆ గట్టిపొరకి చిల్లులు వేయించాం. తవ్విన మట్టి, ఎరువు కలిపి పది అంగుళాల ఎత్తు బోదె తోలాం, మిరపతోటకి తోలినట్టు. బతికున్న నాలుగు మొక్కల్ని మట్టిగడ్డతో సహా పైకి ఎత్తి బోదె మీద పెట్టారు బాబాయిగారు. వాటికి కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులుమందు లీటరుకి 3 గ్రాములు కలిపి మొదళ్లు తడిసేలా పోయమన్నారు, పోశాం.

ట్రైకోడెర్మా విరిడి గురించి రాయాలి, ఎందుకంటే మొక్కల పిచ్చి ఉన్న నా స్నేహితులందరూ అది వేస్తే చాలు అంటారు. అది ఒక మంచి శిలీంధ్రం, చెడ్డ శిలీంధ్రాన్ని నేలలో ఎదగనివ్వదు. కిలో ప్యాకెట్ 180. 200 గ్రాముల పొడి, 9 కిలోల పశువుల ఎరువు, కిలో వేపపిండి కలిపి, తడి చిలకరించి, నీడలో గోనెపట్టా కప్పి పది రోజులు ఉంచాను. తెల్లగా, తర్వాత ఆకుపచ్చగా బూజు కమ్మింది. అదే కావలసింది. కొత్త మొక్కలు నాటే ముందు బోదెలో కలిపాను. కాపర్ మందు పోసిన వెంటనే ఇది వేయకూడదు, ఆ మందు దీన్నీ చంపేస్తుంది. రెండింటికీ కనీసం పదిహేను రోజుల ఎడం ఉండాలి. ప్యాకెట్ మీద తయారీ తేదీ చూడండి, షాపులో ఎండ తగిలేచోట పెట్టినది తీసుకోకండి, అందులో ఉన్నది ప్రాణమున్న సరుకు. నా అభిప్రాయం చెప్పమంటే, ఇది రాబోయే తెగులుకి కాపలా. కుళ్లిపోయిన వేరుని మళ్లీ మొలిపించదు. నీళ్లు నిలిచే చోట కిలో కాదు, పది కిలోలు వేసినా లాభం లేదు.

ఇప్పుడు ఆ తగ్గించిన అర మార్కు. నాలుగు మొక్కలూ బతుకుతాయని బాబాయిగారు నమ్మకంగా చెప్పారు. రెండు మార్చిలో పోయాయి. ఎత్తి పెట్టేటప్పుడే వేళ్లు చాలా తక్కువ ఉన్నాయి, వాటిని కత్తిరించి సగానికి తగ్గించి ఉంటే బతికేవేమో అని తర్వాత ఆయనే అన్నారు, నొచ్చుకున్నారు కూడా. ఇంకొకటి, ఏదీ కాగితం మీద రాయరు. కొలతలన్నీ "చేతికొలది", "దోసెడు", "పిడికెడు" అని చెబుతారు. అన్నభేది కొలత నేను ఎరువుల షాపులో, వ్యవసాయం తెలిసిన మా తమ్ముడి దగ్గర మళ్లీ అడిగి గ్రాముల్లో రాసుకున్నాను. మీరూ అలాగే చేయండి, మందుల విషయంలో పిడికెడు పనికిరాదు. చెప్పిన రోజుకి రాకపోవడం రెండుసార్లు జరిగింది.

కానీ ఆయన వద్దన్న పనులకి నేను విలువ కట్టలేను. వేసవిలో కంచె కత్తిరించనివ్వలేదు. సర్వీసు వాళ్లు కోసిన తర్వాత లోపలి కొమ్మలు ఎండకి బయటపడ్డాయి, రోహిణి కార్తెలో మళ్లీ కోస్తే బెరడు మాడిపోతుంది, మృగశిర దాటి రెండు వానలు పడ్డాక కోద్దాం అన్నారు. ఫిబ్రవరిలో కొత్త మొక్కలు నాటనివ్వలేదు. కుళ్లు పట్టిన చోట వెంటనే నాటితే అవీ పోతాయి, నేలని ఎండనివ్వండి అన్నారు. తన ఊరి నర్సరీ నుంచి ఏడు మొక్కలు అమ్ముకునే అవకాశం ఉన్న మనిషి ఆ మాట అనడం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. జులైలో నాలుగు మొక్కలే తెచ్చారు. కవరు చింపి, బంకమట్టి గడ్డని అంచుల్లో వేళ్లతో వదులు చేసి, గుండ్రంగా తిరిగిన వేళ్లు విప్పి, గడ్డ పైభాగం బోదె కన్నా అరంగుళం పైకి ఉండేలా నాటారు. 2019లో మేము తెచ్చిన 34 మొక్కల్లో ఒక్కదానికీ అలా చేయలేదు. పీకిన ఏడింటిలో రెండింటి చుట్టూ కవరు ముక్కలు ఇంకా ఉన్నాయి.

చివరి ఆరడుగులు మాత్రం నూరువరహాలకి ఇవ్వొద్దన్నారు. ఎంత బోదె తోలినా అక్కడ తడి తగ్గదట. నేను చాలాసేపు బతిమాలాను. "నీళ్లలో ఉండే మొక్కని నీళ్లలో పెట్టండమ్మా, అది సుకపడుద్ది" అన్నారు. అక్కడ మెట్టతామర దుంపలు వేశాం, ఎర్రపూలవే. కంచెలా కత్తిరించే మొక్క కాదు, వరస చివర తెగినట్టు కనిపిస్తుందని బెంగపడ్డాను. మూడు నెలలకి నడుమెత్తు పెరిగి గోడని కప్పేసింది.

2025 అక్టోబరు చివర మొంథా తుపాను వచ్చిన రోజు రాత్రి నాకు నిద్ర లేదు. తెల్లారి వాన కాస్త తెరపివ్వగానే గొడుగు వేసుకుని పెరటి చివరకి వెళ్లాను. బోదె పక్కన కాలువ నిండా నీళ్లు, తూములోంచి చప్పుడు చేస్తూ మురుగు కాలువలోకి దూకుతున్నాయి. బోదె పైభాగం మీద నీళ్లు నిలవలేదు. సాయంత్రానికి కాలువ కూడా ఖాళీ. తర్వాత మూడు వారాలు రోజూ వెళ్లి ఆకులు పట్టుకు చూశాను, ఒక్కటీ వాలలేదు.

ఇప్పటికి లెక్క ఇది. మధ్యలో పన్నెండూ ఎప్పటిలాగే ఉన్నాయి. గేటు వైపు పదకొండింటిలో పది నిండా ఆకుపచ్చగా ఉన్నాయి, గోడ మూల మీద ఉన్న ఒకటి ఇంకా పాలిపోయే ఉంది, దాని కింద పునాది పెచ్చు తీయడానికి వీలుకాలేదు. బోదె మీద పాతవి రెండు, కొత్తవి నాలుగు. అత్తగారు నాటిన మొదటి మొక్క గేటు వైపు మూడోది. డిసెంబరులో పూసింది. మొదటి రెండు గుత్తులూ ఆవిడ పటం దగ్గర పెట్టాను.

బాబాయిగారిని మళ్లీ మార్చిలో రమ్మన్నాను, ఆ మూల మొక్క చూడడానికి. వస్తానన్నారు, నిమ్మకాయ సిద్ధంగా ఉంచమన్నారు.